గడ్డకట్టే చలిని తట్టుకునే అక్రోటు చెట్లు: ఆరింటిలో మీకు తగినది ఏది?

శీతకాలంలో ఉష్ణోగ్రత మైనస్ 25, మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయే చోట ఒక అక్రోటు చెట్టు నాటాలని అనుకునేవారికి మొదటి చిక్కు నర్సరీ జాబితాలోనే ఎదురవుతుంది. బటర్‌నట్, హార్ట్‌నట్, బువార్ట్‌నట్, కార్పేథియన్ అక్రోటు, నల్ల అక్రోటు, మంచూరియా అక్రోటు అని ఆరు పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఆరూ జుగ్లాన్స్ ప్రజాతికి చెందినవే. ఆరింటి పప్పూ తినదగినదే. ఆరింటి పక్కనా చలిని తట్టుకుంటుందన్న మాట ఉంటుంది. అయితే ఆ మాట చెట్టు బతుకుతుందన్న భరోసా మాత్రమే ఇస్తుంది. ఆ చెట్టు ఏటా కాస్తుందా, కాసిన కాయను పగలగొట్టి పప్పు తీసే ఓపిక ఇంట్లో ఎవరికైనా ఉంటుందా అన్న రెండు ప్రశ్నలకు అక్కడ సమాధానం దొరకదు. నా దృష్టిలో ఎంపికను తేల్చవలసినవి ఆ రెండు ప్రశ్నలే.

## ముందుగా తూచవలసిన అంశాలు

మొదటిది శీతకాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత. అమెరికా వ్యవసాయ శాఖ రూపొందించిన శీతల మండలాల లెక్కనే చాలా నర్సరీలు వాడుతున్నాయి కాబట్టి దానిని తెలుసుకొని ఉండటం మంచిది. మూడవ మండలమంటే కనిష్ఠం మైనస్ 40 నుంచి మైనస్ 34 డిగ్రీల దాకా, నాలుగవది మైనస్ 34 నుంచి మైనస్ 29 దాకా, ఐదవది మైనస్ 29 నుంచి మైనస్ 23 దాకా ఉండే ప్రాంతం. ఈ లెక్క జల్లెడలాగా పనికివస్తుంది; మీ చలికి నిలవని జాతులను తొలగిస్తుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. పైగా నాలుగైదేళ్ల చెట్టు తట్టుకున్న చలిని మొదటి ఏడాది మొక్క తట్టుకోలేకపోవచ్చు, ముఖ్యంగా శరత్కాలం చివరి దాకా లేత కొమ్మ పెరుగుతూనే ఉంటే.

రెండవది వసంతంలో వచ్చే ఆలస్యపు మంచు. దీనిని చాలామంది పట్టించుకోరు, కాయలు పోయేది మాత్రం ఎక్కువగా దీనివల్లనే. అక్రోటు చెట్టులో మగపూలు నిరుడు పెరిగిన కొమ్మ మీద జడల్లా వేలాడుతాయి. ఆడపూలు ఈ ఏడాది కొత్తగా వచ్చిన చిగురు కొనన పూస్తాయి. శీతకాలంలో నిద్రలో ఉన్న మొగ్గ మైనస్ 30 డిగ్రీలను భరించగలిగినా, విచ్చుకున్న చిగురుకు మైనస్ 2 డిగ్రీలే ప్రాణాంతకం. ఆ చిగురు మాడిపోతే పక్క మొగ్గల నుంచి చెట్టు మళ్లీ ఆకులు వేసుకుంటుంది, చూడటానికి పచ్చగానే ఉంటుంది, కాని ఆ ఏటి కాపులో అధికభాగం పోయినట్లే. అందుచేత ఒక జాతి ఎంత చలికి తట్టుకుంటుందో అడిగినంత శ్రద్ధగా, అది ఎప్పుడు చిగురిస్తుందో కూడా అడగాలి. దూరప్రాంతపు జాతులు, ప్రత్యేకించి తూర్పు ఆసియా నుంచి వచ్చినవి, నాలుగు వెచ్చటి రోజులు రాగానే నిద్ర లేస్తాయి. శీతకాలం ఒక్కసారిగా ముగిసి మళ్లీ వెనక్కి రాని నేలల్లో అది సరిపోతుంది, వెచ్చదనమూ మంచూ దోబూచులాడే నేలల్లో అదే కీడు చేస్తుంది.

మూడవది కాయ పండటానికి దొరికే మంచులేని రోజుల సంఖ్య. బటర్‌నట్ సహజంగా పెరిగే ప్రాంతాల ఉత్తరపు కొసన ఏడాదికి 105 మంచులేని రోజులే ఉంటాయి. నల్ల అక్రోటుకు దాని ఉత్తరపు హద్దున కూడా 140 రోజులు దొరుకుతాయి. వేసవి పొట్టిగా ఉండేవారికి ఈ తేడా చాలా పెద్దది.

నాలుగవది పెంకు. ఐదవది తెగుళ్లు. ఆరవది స్థలం, అందులో భాగంగా వేళ్ల నుంచి, ఆకుల నుంచి, తొక్కల నుంచి నేలలోకి చేరే జుగ్లోన్ అనే రసాయనం. టమాటా, బంగాళదుంప, ఆపిల్, బ్లూబెర్రీ మొక్కలు దీనికి సులభంగా దెబ్బతింటాయని పేరు. నల్ల అక్రోటులో ఇది అధికం, బటర్‌నట్‌లోనూ గణనీయంగా ఉంటుంది, హార్ట్‌నట్‌లోనూ కార్పేథియన్‌లోనూ తక్కువ. చెట్టు నీడ పడే మేరకే దీని ప్రభావం ఆగదు, వేళ్లు వెళ్లినంత దూరమూ ఉంటుంది. కూరగాయల మడికీ నల్ల అక్రోటుకూ మధ్య కనీసం 15 నుంచి 20 మీటర్ల ఎడం ఉంచడం మేలు.

| జాతి | తట్టుకునే చలి (సుమారుగా) | చిగురించే సమయం | పెంకు | పప్పు రుచి | ప్రధానమైన భయం |
|---|---|---|---|---|---|
| బటర్‌నట్ | మైనస్ 40 | మధ్యస్థం | మందం, పదునైన గాట్లు | వెన్నలాంటి కమ్మదనం | క్యాంకర్ అనే బెరడు తెగులు |
| హార్ట్‌నట్ | మైనస్ 30 | తొందరగా | నునుపు, రెండుగా విడిపోతుంది | తియ్యదనం, చేదు లేదు | ఆలస్యపు మంచు |
| బువార్ట్‌నట్ | మైనస్ 34 | మధ్యస్థం నుంచి తొందరగా | చెట్టును బట్టి మారుతుంది | బటర్‌నట్‌కు దగ్గర | నాణ్యతలో నిలకడలేమి |
| కార్పేథియన్ | మైనస్ 30 | రకాన్ని బట్టి | పల్చన | అంగడి అక్రోటు రుచి | ఆలస్యపు మంచు, ఆకు తెగుళ్లు |
| నల్ల అక్రోటు | మైనస్ 34 | ఆలస్యంగా | చాలా గట్టి | ఘాటు, గాఢమైన వాసన | పెంకు, జుగ్లోన్, స్థలం |
| మంచూరియా | మైనస్ 40, ఇంకా దిగువ | చాలా తొందరగా | చాలా గట్టి | కమ్మగా ఉంటుంది, పప్పు తక్కువ | ఆలస్యపు మంచు |

పట్టికలోని ఉష్ణోగ్రతలు ఆయా జాతులకు సాధారణంగా చెప్పేవి. ఒకే జాతిలో ఉత్తరాది విత్తనం నుంచి వచ్చిన మొక్కకూ దక్షిణాది విత్తనం నుంచి వచ్చిన మొక్కకూ మధ్య ఐదారు డిగ్రీల తేడా కనిపించడం మామూలే.

## బటర్‌నట్

ఈ ఆరింటిలో తినడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, నాటమని చెప్పడానికి ముందు అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసి వచ్చేదీ ఇదే. జుగ్లాన్స్ సినేరియా అనే ఈ చెట్టు తూర్పు ఉత్తర అమెరికాకు చెందినది. కెనడాలోని న్యూ బ్రన్‌స్విక్, దక్షిణ క్విబెక్‌ల నుంచి పడమట మిన్నెసోటా దాకా, దక్షిణాన అలబామా, ఆర్కన్సా ప్రాంతాల దాకా సహజంగా పెరుగుతుంది. పప్పు కోసం పెంచదగిన అక్రోటు జాతుల్లో ఉత్తర అమెరికాలో ఇంత ఉత్తరాన పెరిగేది మరొకటి లేదు. న్యూఫౌండ్‌లాండ్‌లోని లాన్స్ ఓ మెడోస్‌లో, సుమారు వెయ్యేళ్ల కిందటి నార్స్ (వైకింగ్) నావికుల స్థావరంలో జరిపిన తవ్వకాలలో బటర్‌నట్ కాయలు దొరికాయి. ఆ ద్వీపంలో ఈ చెట్టు ఎన్నడూ పెరగలేదు కాబట్టి, ఆ నావికులు అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి ప్రయాణించారనడానికి ఆ కాయలే సాక్ష్యంగా నిలిచాయి. ఈశాన్య ప్రాంతపు ఆదివాసులు కాయలను దంచి నీటిలో మరిగించి, పైకి తేలిన నూనెను తీసి వాడుకున్నారు.

కాయ నిమ్మకాయలా కోలగా ఉంటుంది. పచ్చి తొక్క మీద సన్నని నూగు, చేతికి అంటుకునే జిగురు ఉంటాయి. కాయలు కోసిన చేతులకు గోధుమరంగు మరక పట్టి రోజుల తరబడి వదలదు. తొక్క వలిస్తే లోపల నిలువు గాట్లతో గరుకుగా ఉన్న పెంకు కనిపిస్తుంది. అడ్డంగా సుత్తితో కొడితే పప్పు పొడిపొడి అయిపోతుంది. కాయను కాసేపు వేడినీటిలో నానబెట్టి, మొనను పైకి నిలబెట్టి, ఆ మొన మీద నిలువుగా కొడితే పప్పు పెద్ద ముక్కలుగా వస్తుంది. ఆ పప్పులో నూనె సమృద్ధిగా ఉంటుంది, చేదు దాదాపు ఉండదు. నూరు గ్రాముల పప్పులో సుమారు 25 గ్రాముల ప్రోటీన్, 57 గ్రాముల కొవ్వు ఉంటాయి.

ఇక తెగులు సంగతి. ఒక శిలీంధ్రం వల్ల వచ్చే బటర్‌నట్ క్యాంకర్‌ను తొలిసారిగా 1967లో విస్కాన్సిన్‌లో గుర్తించారు. శిలీంధ్ర బీజాలు వాన చినుకులతో కొమ్మల మీద నుంచి కాండం మీదికి జారి, బెరడులోని పగుళ్లలో నాటుకుంటాయి. వసంతంలో కాండం మీద నల్లటి స్రావం కారుతుంది. ఆ చోట బెరడును కొద్దిగా చెక్కి చూస్తే లోపల కోలాకారంలో నల్లబారిన మచ్చ ఉంటుంది. ఇలాంటి మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి కాండం చుట్టూ తిరిగితే చెట్టు చనిపోతుంది. చెట్టును పూర్తిగా నయం చేసే మందు లేదు. ఈ తెగులు మూలంగా కెనడా ప్రభుత్వం 2005లో ఈ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

అందువల్ల బటర్‌నట్ నాటేవారు కాపు కోసం మాత్రమే నాటకూడదని నా సలహా. అది సహజంగా పెరిగే ప్రాంతంలోనే మీరుండి, ఎండ బాగా పడే, గాలి ఆడే, నీరు నిలవని చోటు ఇవ్వగలిగి, ఆ జాతి నిలబడటంలో మీ చెట్టు కూడా ఒక పాత్ర పోషించాలని కోరుకుంటే నిస్సంకోచంగా నాటండి. దట్టమైన నీడలో అది బతకదు. తడి, నీడ కలిసిన చోట తెగులు త్వరగా వస్తుంది. చుట్టుపక్కల పాత చెట్లు తెగులుతో ఎండిపోతున్నా, వాటి మధ్య ఆరోగ్యంగా నిలిచిన చెట్టు ఏదైనా ఉంటే దాని కాయలే విత్తనానికి శ్రేష్ఠం. గింజ నుంచి వచ్చిన చెట్టు కాపుకు రావడానికి సుమారు 20 ఏళ్లు పడుతుందని ముందే మనసులో పెట్టుకోవాలి.

## హార్ట్‌నట్

జపాన్‌లోను, సఖాలిన్ ద్వీపంలోను పెరిగే జపాన్ అక్రోటులో ఒక ప్రత్యేక రూపం ఇది. 19వ శతాబ్దం రెండవ భాగంలో ఉత్తర అమెరికాకు చేరింది. కాయను చేతిలోకి తీసుకుంటే దీని గొప్పదనం వెంటనే తెలుస్తుంది: పెంకు నునుపుగా, బల్లపరుపుగా, హృదయాకారంలో ఉంటుంది, రెండు సగాలు కలిసే చోట అంచు చుట్టూ సన్నని అతుకు ఉంటుంది. కాయను ఆ అతుకు మీద నిలబెట్టి సుత్తితో తేలికగా ఒక దెబ్బ వేస్తే, మంచి రకమైతే పెంకు రెండు చిప్పలుగా విడిపోయి, పప్పు చెక్కుచెదరకుండా అదే హృదయాకారంలో బయటికి వస్తుంది. పప్పు పైపొరలో వగరు గాని చేదు గాని ఉండదు. అంగడిలో దొరికే అక్రోటు చేదని పక్కన పెట్టే పిల్లలు కూడా దీనిని తింటారు.

కాయలు గుత్తులుగా కాస్తాయి, ఒక్కొక్క గుత్తికి పది దాకా కూడా ఉండవచ్చు. చెట్టు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువగా పెరిగి, పొడవాటి ఆకులతో గొడుగులా విస్తరిస్తుంది. నీడ కోసం నాటినా తప్పు లేదు. అంటుమొక్కైతే నాలుగైదేళ్లలోనే తొలి కాయలు చూడవచ్చు. క్యాంకర్ తెగులును బటర్‌నట్ కన్నా చాలా మెరుగ్గా తట్టుకుంటుంది. కెనడాలోని అంటారియోలో ఎంపిక చేసిన ఇంషు, క్యాంప్‌బెల్ వంటి రకాలు పెంకు సులువుగా విడిపోవడంలో పేరు తెచ్చుకున్నాయి.

దీని బలహీనత ఒక్కటే, కాని అది చిన్నది కాదు: తొందరగా చిగురిస్తుంది. పల్లపు నేలలో చల్లగాలి నీరులా వచ్చి నిలుస్తుంది కాబట్టి అక్కడ నాటితే మూడేళ్లలో రెండేళ్లు చిగురు మాడినా ఆశ్చర్యపోనక్కర లేదు. కొద్దిగా వాలుగా ఉన్న ఎత్తు స్థలం, వీలైతే ఉత్తరం వైపు వాలు, దీనికి అనువైనవి; ఉత్తరపు వాలు మీద నేల ఆలస్యంగా వేడెక్కి చిగురును కొన్ని రోజులు ఆపుతుంది. సరస్సు పక్కనున్న నేలలు కూడా ఇందుకే మంచివి. గింజ నుంచి పెంచిన మొక్కలలో హృదయాకారపు పెంకు వస్తుందన్న హామీ లేదు. చాలా సందర్భాలలో మామూలు జపాన్ అక్రోటులాగా గుండ్రటి గట్టి పెంకు వస్తుంది. పెంకు కోసమే దీనిని ఎంచుకునేవారు అంటుమొక్కకు తప్ప మరి దేనికీ డబ్బు పెట్టకూడదు.

## బువార్ట్‌నట్

బటర్‌నట్‌ను హార్ట్‌నట్‌తో సంకరం చేయగా వచ్చినది ఇది. తల్లిదండ్రుల మంచి గుణాలు కలిసి వచ్చిన చెట్టు దొరికితే ఇంతకన్నా ఇష్టంగా సిఫారసు చేయదగినది చలిప్రాంతాలకు మరొకటి లేదు: బటర్‌నట్ చలి ఓర్పు, ఆ రుచిలో చాలా భాగం, హార్ట్‌నట్ తెగులు నిరోధం, వేగంగా పెరిగే గుణం. నేల గురించి పెద్దగా పేచీ పెట్టదు, కాపు కూడా దండిగా ఉంటుంది. చిక్కల్లా గింజ మొక్కలతోనే. ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క తీరుగా ఉంటుంది, పెంకు బటర్‌నట్ గాట్లతో గట్టిగానూ రావచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బువార్ట్‌నట్, హార్ట్‌నట్, బటర్‌నట్ మూడూ గాలి మోసే పుప్పొడితో తమలో తాము సులభంగా సంకరం చెందుతాయి. మీ పరిసరాల అడవుల్లో శుద్ధమైన బటర్‌నట్ చెట్లు ఇంకా మిగిలి ఉంటే, వాటికి దగ్గరలో మిగతా రెండింటినీ నాటడం వల్ల ఆ చెట్ల తర్వాతి తరం శుద్ధంగా మిగలదు. అలాంటి చోట కార్పేథియన్ గాని నల్ల అక్రోటు గాని ఎంచుకోవడం న్యాయం. బటర్‌నట్ సహజంగా పెరగని ప్రాంతాలలో ఈ అభ్యంతరం లేదు.

## కార్పేథియన్ అక్రోటు

అంగడిలో దొరికే పల్చటి పెంకు అక్రోటు జుగ్లాన్స్ రీజియా జాతికి చెందినది. వాణిజ్య తోటలలో ప్రసిద్ధమైన చాండ్లర్ వంటి కాలిఫోర్నియా రకాలు తీవ్రమైన చలికి నిలవవు. అదే జాతికి చెందిన చెట్లు తూర్పు ఐరోపాలోని కార్పేథియన్ పర్వతాలలో కఠినమైన శీతకాలాలకు అలవాటుపడి ఉండగా, టొరంటో నుంచి వెళ్లిన పాల్ క్రాత్ అనే మతప్రచారకుడు వాటి గింజలను సేకరించి ఉత్తర అమెరికాకు చేరవేశారు. 1930ల దశకంలో అవి అంటారియోలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను విస్తరించాయి. నేడు కార్పేథియన్ పేరుతో అమ్మేవి ఎక్కువగా ఆ గింజల సంతతే.

సుత్తి అవసరం లేకుండా కాయలు పగలగొట్టే చిన్న పటకారుతో పగిలే పెంకు, కాయ బరువులో దాదాపు సగం దాకా పప్పు, వంటలో ఎవరికీ కొత్తగా అనిపించని రుచి దీని బలాలు. బాగా విశ్రాంతి తీసుకున్న చెట్టు మైనస్ 30 డిగ్రీలకు నిలుస్తుంది. అంతకు దిగితే కొమ్మల కొసలు ఎండుతాయి, ముఖ్యంగా మగపూల మొగ్గలు దెబ్బతింటాయి. శీతకాలపు ఎండలో కాండం నైరుతి వైపు పగటిపూట వేడెక్కి, రాత్రి ఒక్కసారిగా గడ్డకట్టి బెరడు నిలువునా పగలడం ఈ జాతిలో తరచుగా చూస్తాం. లేత చెట్ల కాండానికి నీటితో పలచబరిచిన తెల్ల పెయింటు పూయడం సులభమైన నివారణ. వసంతం తడిగా ఉండే చోట బాక్టీరియా వల్ల లేత కాయలు నల్లబడి రాలిపోతాయి. తొక్క ఈగ పురుగులు పచ్చి తొక్కను నల్లటి గుజ్జుగా మార్చి పెంకుకు మరక పట్టిస్తాయి. రాలిన కాయలను నేల మీద వదలకుండా ఏరివేస్తే వాటి సంతతి తగ్గుతుంది.

## నల్ల అక్రోటు

ఇది వడివడిగా నిర్ణయించుకోవలసిన చెట్టు కాదు. 25 నుంచి 30 మీటర్ల ఎత్తు పెరుగుతుంది, వందేళ్లకు పైగా నిలుస్తుంది, తొక్కలతో దారులకు, వాహనాలకు మరకలు పడతాయి, కూరగాయల తోటతో పొసగదు. కాని ఆలస్యంగా చిగురిస్తుంది కాబట్టి వసంతపు మంచు దీనిని అరుదుగా కొడుతుంది. చలి నిలకడగా లేని ప్రాంతాలలో మంచు వల్ల కాపు తక్కువగా పోయే జాతి ఏదంటే దీనిని చెప్పుకోవచ్చు. కలప విలువైనది. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో అడవి చెట్ల కింద ఏరిన కాయలను సేకరించి, పప్పు తీసి అమ్మే పరిశ్రమ ఇప్పటికీ నడుస్తున్నది.

రుచి విషయంలో మధ్యేమార్గం ఉండదు. పండు వాసన కలిసిన ఘాటైన ఆ రుచి కొందరికి ఐస్‌క్రీమ్‌లో, కేకులో తప్ప ఇంకెక్కడా వద్దనిపిస్తుంది, కొందరికి అదే ప్రాణం. నాటడానికి ముందు ఒకసారి కొని తిని చూడటం మంచిది. పెంకును మామూలు పటకారు పగలగొట్టలేదు. బరువైన ప్రత్యేక యంత్రం కావాలి. అడవి చెట్ల కాయలలో పప్పు నాలుగో వంతుకు మించదు. ఎంపిక చేసిన రకాలలో మూడో వంతు దాకా వస్తుంది. రాలిన వెంటనే తొక్క తీయకపోతే దాని రసం పెంకు దాటి లోపలికి ఇంకి పప్పును నల్లబరుస్తుంది, రుచిని చెడగొడుతుంది. గుర్రాలను పెంచేవారు దీని కలప పొట్టును శాలలో పరచకూడదు. దానివల్ల గిట్టల వాపు వస్తుంది.

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో మొదలైన థౌజండ్ క్యాంకర్స్ అనే తెగులు, ఒక చిన్న బెరడు పురుగు మోసే శిలీంధ్రం వల్ల వచ్చేది, 2010లో టెన్నెసీలో, అంటే ఈ చెట్టు సొంత నేలలో, కనిపించింది. మొక్కలను, కట్టెను దూరప్రాంతాల నుంచి తెచ్చుకోకపోవడమే దీనికి తగిన జాగ్రత్త.

## మంచూరియా అక్రోటు

ఈశాన్య చైనా, కొరియా, రష్యా దూరప్రాచ్యంలోని అముర్ నదీ ప్రాంతం దీని స్వస్థలాలు. మైనస్ 40 డిగ్రీలకు దిగువన కూడా నిలిచే చెట్టు కావాలంటే ఇదే దిక్కు. వేగంగా పెరుగుతుంది, పెద్ద ఆకులతో అందంగా ఉంటుంది. కాయ తింటారు, పప్పు కమ్మగానే ఉంటుంది, కాని గట్టి పెంకులో దాని పాలు చాలా తక్కువ. నీడకు, గాలి అడ్డుకు నాటి, కాసిన సంవత్సరం కాయలు ఏరుకుందాం అనుకుంటే సరిపోతుంది. కాపు కోసమే నాటితే నిరాశ తప్పదు.

## ఎవరికి ఏది నప్పుతుంది

కనిష్ఠం మైనస్ 28 డిగ్రీలకు మించి పడిపోని చోట ఉండి, ఇంట్లో తరచుగా అక్రోటు తినేవారైతే కార్పేథియన్, హార్ట్‌నట్‌ల మధ్యనే పోటీ. వసంతం నిలకడగా వచ్చే నేలైతే హార్ట్‌నట్‌కే నా ఓటు: తెగుళ్ల బాధ తక్కువ, మందులు చల్లే పని దాదాపు ఉండదు, పప్పు తియ్యన. అంగడికి అమ్మాలనుకునేవారికి, ఎవరికీ పరిచయం అక్కర లేని పప్పు కావాలనుకునేవారికి కార్పేథియన్ మెరుగు, ఆకు తెగుళ్లను కనిపెట్టి ఉండే తీరిక ఉంటే.

మైనస్ 34 దాకా దిగే చోట అంటుకట్టిన బువార్ట్‌నట్ మొదటి ఎంపిక. అడవి బటర్‌నట్‌లు సమీపంలో ఉంటే, స్థలం ఉన్నవారు ఉత్తరాది విత్తనపు నల్ల అక్రోటు వైపు వెళ్లాలి. వేసవి 140 రోజులకు తక్కువైతే ఆ కాయ సరిగ్గా నిండదు కాబట్టి, అప్పుడు శుద్ధమైన బటర్‌నట్‌నే నాటి తెగులును కనిపెట్టుకొని ఉండటం ఒక్కటే మిగులుతుంది. మైనస్ 34కు దిగువన బటర్‌నట్, మంచూరియా తప్ప గత్యంతరం లేదు.

చిన్న పెరడు, పక్కనే కూరగాయల మడి ఉన్నవారు నల్ల అక్రోటును, బటర్‌నట్‌ను పూర్తిగా మరిచిపోవడం మంచిది. ఏ జాతి చెట్టుకైనా కనీసం పది నుంచి పన్నెండు మీటర్ల చోటు కావాలి. ఆ చోటు లేకపోతే హేజెల్‌నట్ లాంటి పొద జాతిని చూసుకోవడం నయం.

ఆరోగ్యం కోసం ఎంచుకునేవారు గమనించవలసిన తేడా ఒకటుంది. ఒమేగా 3 కొవ్వు జుగ్లాన్స్ రీజియా పప్పులో నూరు గ్రాములకు సుమారు 9 గ్రాములు, బటర్‌నట్‌లోనూ దానికి దగ్గరగానే ఉంటుంది; నల్ల అక్రోటులో 2 గ్రాములకు కొంచెం అటూ ఇటూ. ప్రోటీన్ మాత్రం నల్ల అక్రోటులో 24 గ్రాములు, రీజియాలో 15. అక్రోటు అలర్జీ ఉన్నవారికి ఈ ఆరింటిలో ఏదీ క్షేమం కాదు.

## కొనేటప్పుడు, నాటేటప్పుడు

ఒకే చెట్టు నాటి కాపు ఆశించడం చాలామంది చేసే పని. అక్రోటులో మగపూలు, ఆడపూలు ఒకే చెట్టు మీద ఉన్నా, చాలా చెట్లలో అవి ఒకే సమయంలో విచ్చుకోవు; పుప్పొడి రాలే వేళకు ఆడపూలు సిద్ధంగా ఉండవు, లేదా అప్పటికే వాడిపోతాయి. మగపూలు ముందు పూసే రకం ఒకటి, ఆడపూలు ముందు పూసే రకం ఒకటి జతగా నాటితే రెండూ కాస్తాయి. అవి ఒకే జాతివి కావాలి. హార్ట్‌నట్, బటర్‌నట్, బువార్ట్‌నట్‌లు మాత్రం ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకోగలవు.

అంటుమొక్క ఖరీదు గింజ మొక్క కన్నా ఎక్కువ. అయినా హార్ట్‌నట్‌కు, బువార్ట్‌నట్‌కు, కార్పేథియన్‌కు ఆ ఖర్చు పెట్టితీరాలి. పెంకు, చిగురించే సమయం, కాపు వయసు మూడూ దానితోనే ఖాయమవుతాయి. బటర్‌నట్‌కు, మంచూరియాకు గింజ మొక్క చాలు. అంటు కట్టిన వేరుమొక్క ఏ జాతిదో కూడా అడగాలి, మీ చలికి నిలవని వేరు మీద చలికి నిలిచే కొమ్మ పెట్టినా ప్రయోజనం లేదు. నేల లోతుగా, నీరు ఇంకిపోయేదిగా ఉండాలి. ఈ చెట్లన్నీ మొదటి ఏడాదిలోనే తల్లివేరును లోతుకు దించుతాయి కాబట్టి రెండేళ్లు దాటిన పెద్ద మొక్క కన్నా ఏడాది మొక్క త్వరగా కుదురుకుంటుంది. గింజలు మీరే నాటేటట్లయితే తడి ఇసుకలో 1 నుంచి 5 డిగ్రీల చల్లదనంలో మూడు, నాలుగు నెలలు ఉంచాలి. ఎలుకలు, ఉడతలు తవ్వకుండా పైన ఇనుప వల కప్పాలి. నత్రజని ఎరువును వేసవి మధ్య తర్వాత వేయవద్దు. ఆలస్యంగా పెరిగిన లేత కొమ్మ తొలి చలికే నల్లబడుతుంది.

బటర్‌నట్ అని రాసి ఉన్న మొక్క నిజంగా బటర్‌నటేనా అన్నది కొనేముందు చూసుకోగలిగిన విషయం. ఏడాది కొమ్మను నిలువుగా చీలిస్తే లోపలి గుజ్జు అరలు అరలుగా ఉంటుంది. శుద్ధమైన బటర్‌నట్‌లో అది ముదురు గోధుమరంగులో, నల్ల అక్రోటులో లేత తోలు రంగులో ఉంటుంది. ఆకు రాలిన మచ్చ పై అంచున బటర్‌నట్‌కు కనుబొమలా నూగు గీత ఉంటుంది, నల్ల అక్రోటుకు ఉండదు. సంకరాన్ని గుర్తించడం దీనికన్నా కష్టం: గుజ్జు రంగు కాస్త లేతగా, కొమ్మ మీది చుక్కలు గుండ్రంగా కాక సాగినట్లుగా ఉంటే అనుమానించాలి. జాతి రక్షణ కోసం నాటేవారు విత్తనం ఏ చెట్టు నుంచి వచ్చిందో రాతపూర్వకంగా చెప్పగలిగిన చోటే మొక్క తీసుకోవాలి.